దారమున్న కాయ

అత్తగారు కుట్టుమిషను మీద బతికిన మనిషి. పెరట్లో కాయలకు కూడా ఆవిడ మిషను దారమే వాడేది. తెల్లారాక కోయాల్సిన కాయకు రాత్రే ఎర్ర దారం ముడేసి పడుకునేది. "దారమున్నదే కొయ్యమ్మా, మిగతావాటి జోలికి పోకు" అనేది కోడలితో. పొరపాటున వేరేది కోస్తే ఇల్లు పీకి పందిరేసేది. మనవరాలిని ఎత్తుకోవాలని కలవరించి కలవరించి, పురుడికి నెల ముందే పోయింది.

పాప పుట్టాక ఒక రోజు చీకటితోనే పెరటి తలుపు కొట్టుకుంటున్న చప్పుడుకు కోడలు లేచింది. టార్చి పట్టుకుని బయటికి వస్తే ఆకు కూడా కదలడం లేదు. పందిరి కింద లేత సొరకాయకు ఎర్ర దారం కట్టి ఉంది. పక్కనున్న బీరకాయకూ ఉంది. ముట్టుకుంటే ముడి తడిగా తగిలింది. దారం కొసను నోట్లో తడపడం అత్తగారి అలవాటు.

"ఏవండీ, ఈ దారాలు మీరు కట్టారా?" అని కిటికీలోంచి అడిగింది.

"నేనా? చొక్కా గుండీ ఊడితేనే నీ దగ్గరికి వస్తాను. వచ్చి పడుకో, పాప లేస్తుంది" అన్నాడు మొగుడు నిద్రమత్తులో.

అంతలో కత్తెర కిచ్‌మన్న చప్పుడు వినిపించింది. పెరట్లో కాదు, ఇంట్లో.

కోడలు ఒక్క ఉదుటున లోపలికి వెళ్లింది. మొగుడు మళ్లీ గుర్రు పెడుతున్నాడు. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. పాప కళ్లు తెరిచి, పైకి చూస్తూ నవ్వుతోంది. బుజ్జి కాలికి ఎర్ర దారం చుట్టి ఉంది. ఎంత లాగినా ముడి రాలేదు. పళ్లతో కొరుకుతూ కిటికీ వైపు చూసింది.

బయట తెల్లారుతోంది.