పొగ లేదు, ఓవర్

తూర్పు మంచె మీది అమ్మాయి మళ్లీ సంచి సర్దుకుంది.

మంచె అంటే చేలో పిట్టల్ని తోలే మంచె కాదు. కొండ నెత్తిన ఇనప కాళ్ల మీద నిలబెట్టిన అద్దాల గది. ఎండాకాలం అడవికి నిప్పంటుకుంటే ముందుగా చూడాల్సింది అక్కడి నుంచే. అడవిని బాగుచేస్తూ పని నేర్చుకోండి, ఏడాది నిలబడితే కాపలా ఉద్యోగం ఇస్తాం అంటే యువసేవ పథకంలో చేరింది. మొక్కలు నాటినన్నాళ్లూ బాగానే ఉంది. చుట్టూ జట్టు, కేకలు, ఒకరి వీపు మీద ఒకరు విసురుకున్న మట్టి. ఎండలు ముదిరాక ఒక్కొక్కరినీ ఒక్కో కొండెక్కించారు.

ఇక్కడ మాట్లాడటానికి గాలి తప్ప ఎవరూ లేరు. ఆ గాలి కూడా తన గోల చెప్పుకోవడమే కానీ ఎదుటివాళ్ల మాట వినే రకం కాదు.

ఇంతకుముందు బట్టల కొట్లో చేరి మానేసింది. కుట్టుపని మొదలుపెట్టి మానేసింది. ఈసారి బయల్దేరుతుంటే వాళ్లమ్మ గడపలో నిలబడి, “నీ పక్క తియ్యనులే, వారంలో వస్తావుగా” అంది. ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. గుచ్చితే గుచ్చింది. ఇంటికెళ్లిపోవాలి. ఒక మనిషి మొహం చూడాలి.

నీళ్ల డబ్బాలు తెచ్చిన మీసాల సారు ఆ సంచిని చూశాడు. వీళ్లందరికీ పని నేర్పేది ఆయనే. కోప్పడలేదు. మెట్ల మీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు.

“వెళ్తానంటే ఆపనమ్మా. కానీ పడమటి మంచె మీద ఒక పిల్ల ఉంది. వేరే జట్టు, నువ్వు చూడలేదు. ఒట్టి పిరికిది. సాయంత్రం వైర్‌లెస్‌లో నీ గొంతు వినపడకపోతే మర్నాడే దిగిపోతుంది. రెండు మంచెలూ ఖాళీ అయితే ఇక అడవి సంగతి చెప్పక్కర్లేదు. వానలు పడేదాకా దాన్ని కాస్త కనిపెట్టుకో. నేను చెప్పానని మాత్రం అనకు, చిన్నబుచ్చుకుంటుంది.”

తనకే దిక్కులేక ఏడుస్తుంటే ఇంకొకరికి దిక్కవమంటాడేమిటి ఈయన! లోపల తిట్టుకుంటూనే సంచి విప్పింది.

పొద్దు వాలగానే ఒక మంచె రెండో మంచెకి ‘పొగ లేదు’ అని చెప్పాలి. అది అక్కడి నియమం. అప్పటిదాకా ఆ ఒక్క ముక్కా చెప్పి వైర్‌లెస్ సెట్టు కట్టేసేది. ఆ సాయంత్రం ఇంకో మాట కలిపింది.

“పొగ లేదు. భోంచేశావా? ఓవర్.”

అటునుంచి గరగరమంటూ జవాబొచ్చింది.

“చేశానక్కా. ఇక్కడ గాలికి తలుపు టపటపా కొట్టుకుంటోంది. గుండె దడదడలాడుతోంది. కాసేపు మాట్లాడవా? ఓవర్.”

సారు చెప్పింది నిజమే, ఒట్టి పిరికిది.

“తలుపుకి నీళ్ల డబ్బా అడ్డం పెట్టు, పిచ్చిదానా. నాకిలాంటివన్నీ అలవాటే. ఓవర్.”

అలవాటూ లేదు, పాడూ లేదు. చెప్పాక గుర్తొచ్చి, లేచి తన తలుపుకీ డబ్బా అడ్డం పెట్టుకుంది.

అప్పటినుంచి రోజూ అదే వరస. ఆ పిల్లకి ఎవరైనా పాట పాడి వినిపిస్తేనే ధైర్యమట. స్నేహితుల ముందు కూడా గొంతు విప్పని తను శ్రుతి లేకుండా పాడేది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఏడుపు ముంచుకొచ్చి మాట ఆగిపోయేది. సరిగ్గా అప్పుడే అటునుంచి, “అక్కా, ఇవాళ నాకు మరీ భయంగా ఉంది, సెట్టు కట్టెయ్యకేం” అని వినిపించేది. పాపం పిల్ల అనుకుని కళ్లు తుడుచుకునేది. మళ్లీ పాట అందుకునేది.

ఒక మధ్యాహ్నం లోయలో నిజంగానే పొగ లేచింది.

నేర్చుకున్నదంతా ఒక్క దెబ్బకి మరిచిపోయింది. దిక్సూచిని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. సెట్టు గరగరమంది.

“అక్కా, పొగ! నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ముందు ఏం చెయ్యాలో మెల్లగా చెప్పవా? ఓవర్.”

“కంగారుపడకు. దిక్సూచి బల్ల మీద పెట్టు. సూదిని నిలబడనివ్వు. ఇప్పుడు పొగ మొదలు చూడు, కొన కాదు. కొనని గాలి ఎటైనా లాగుతుంది.”

పిల్లకి చెబుతూ తనూ చేసింది. రెండు మంచెల నుంచీ దిక్కులు తేలాయి. పటం మీద ఆ రెండూ కలిసిన చోటికి మంటలార్పే జట్టు పరిగెత్తింది. పొద్దు వాలేలోపే ఆరిపోయింది. పోయింది కాస్త ఎండుగడ్డి, అంతే.

నా పక్క తీసెయ్యి అని అమ్మకి చెప్పాలనిపించింది. కొండ మీద ఫోన్ పలకదు. గాలికి చెప్పింది. అది వినలేదు.

చివరికి వాన పడింది. జీపు వచ్చి ఆమెని కొండ దింపింది. సారుతో అనాల్సిన మాట దారంతా తయారుచేసుకుంది. మీ పిల్లని కాపాడాను సార్, ఇక నాలుగు రోజులు ఇంటికి పంపించండి. ఇంకో మాట కూడా ఉంది. ఆ పిల్లే లేకపోతే ఎప్పుడో పారిపోయేదాన్నని. అది మాత్రం ఎవరికీ చెప్పదలుచుకోలేదు.

శిబిరం రేకుల షెడ్డు మీద వాన దరువేస్తోంది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మీసాల సారు ఎదుట ఒక పొడుగాటి అమ్మాయి అటు తిరిగి నిలబడింది. భుజాన సంచి. మనిషిని ఎప్పుడూ చూడలేదు కానీ, నోరు విప్పగానే ఆ గొంతు గుర్తుపట్టింది.

“సార్, మీరు చెప్పినట్టే ఆ తూర్పు మంచె పిరికిపిల్లని వానలు పడేదాకా కనిపెట్టుకుని ఉన్నాను, ఇక నేను ఇంటికెళ్లొచ్చా?”