వీడ్కోలు బిర్యానీ

"ఇల్లు అమ్ముతున్నాం. నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

ఓనర్ కీరన్ నుంచి వాట్సాప్‌లో వచ్చిందా మెసేజ్.

అరనిమిషంలో జయకుమార్ జవాబు కొట్టాడు. "ఓకే సర్. థాంక్యూ." వెనకాల రెండు దండాల బొమ్మలు.

నెత్తిమీద కప్పు లాగేస్తున్నవాడికి థాంక్యూ చెప్పే జాతి మనది.

నాలుగేళ్లుగా ఐర్లండ్‌లోని అత్లోన్‌లో అదే ఇల్లు. భార్య దేవమణి కేరర్‌గా చేసే వృద్ధాశ్రమం నడిచి వెళ్లేంత దూరం. కూతురు ప్రెయిస్‌కి జూన్‌లో లీవింగ్ సర్ట్, అంటే స్కూలు ఆఖరి పరీక్షలు. ఊళ్లో ఇంకో ఇల్లు దొరకడమంటే మాటలు కాదు.

"ఎవరినైనా అడుగుదామండీ," అంది దేవమణి.

అడిగారు. తెలుగు ఫెలోషిప్ పెద్ద కృపారావుని. ఆయన పనిచేసేది మందుల కంపెనీలో. చట్టం ముక్క తెలీదు. అయినా అందరూ ఆయన్నే అడుగుతారు.

"వాళ్ల దేశం, వాళ్ల ఇల్లు," అన్నాడు కృపారావు. "ఎదురు తిరిగావనుకో, రేపు సిటిజన్‌షిప్ ఫైల్లో రాసేస్తారు. గమ్మున వెళ్లిపో. డబ్లిన్ దగ్గర టాలట్‌లో మావాడింట్లో ఒక రూమ్ ఉంది, ముగ్గురూ సర్దుకోండి."

"మరి పిల్ల పరీక్షలు అంకుల్?" అంది దేవమణి.

"ప్రార్థన చేద్దాం."

ప్రార్థన చేశారు. దానితోపాటు బిర్యానీ కూడా చేశారు. ఆదివారం చర్చి హాల్లో వీడ్కోలు సభ. జయకుమార్‌కి శాలువా, దేవమణికి పూలగుత్తి. కృపారావు ఇరవై నిమిషాలు మాట్లాడి కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు వచ్చాడు ఒక ఐరిష్ ముసలాయన. మోచేతుల దగ్గర అరిగిన కోటు. ఎవరూ పిలవలేదు. వచ్చి దేవమణి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బిర్యానీ వాసన మెయిన్ రోడ్డు దాకా కొడుతోంది మరి," అన్నాడు కృపారావు తెలుగులో. అందరూ నవ్వారు.

దేవమణి ప్లేటు పెట్టింది. ముసలాయన రెండు ముద్దలు తిని, మంచినీళ్లు తాగి, మెల్లగా అడిగాడు.

"ఏమిటి పండగ?"

"మేం ఇల్లు ఖాళీ చేస్తున్నాం," అంది దేవమణి.

"నోటీసు ఇచ్చారా?"

ప్రెయిస్ ఫోన్ చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇది నోటీసు కాదమ్మా. కాగితం మీద రాయాలి, సంతకం పెట్టాలి. అదే రోజు అద్దెల బోర్డుకి కాపీ వెళ్లాలి. నాలుగేళ్లున్న వాళ్లకి నూట ఎనభై రోజులు గడువివ్వాలి."

"మా ఆయన ఓకే అనేశాడండీ."

"ఓకే అంటే హక్కు పోతుందా?"

"డాడీ, ఐ టోల్డ్ యూ," అంది ప్రెయిస్. "ఇట్స్ నాట్ ఈవెన్ ఎ లెటర్."

"నువ్వూరుకో," అన్నాడు జయకుమార్.

ముసలాయన వేలెత్తాడు. "రేపు ఓనర్ ఒక కాగితం తెస్తాడు. మా ఇష్టంతోనే వెళ్తున్నామని రాసి ఉంటుంది. సంతకం పెట్టొద్దు. సంతకం అడిగినప్పుడు, తాళం మార్చినప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు, సలహా తీసుకోవాలి. ఊళ్లోనే ఉచిత కేంద్రం ఉంది. ప్రశ్న అడిగినందుకు ఏ దేశమూ ఎవరినీ పంపించెయ్యదు."

కృపారావు మొహం మాడింది. "ఈ తాతకి కాస్త పార్సిల్ కట్టి పంపించండమ్మా. గమ్మునున్నవాళ్లని రెచ్చగొడుతున్నాడు."

పార్సిల్ కట్టారు. తలుపు దాకా సాగనంపి తలుపేశారు. పేరు కూడా అడగలేదు.

మర్నాడు సాయంత్రం కీరన్ వచ్చాడు, చేతిలో కాగితంతో.

జయకుమార్ అప్పటికే పెన్ను తీశాడు. దేవమణి ఆ పెన్ను లాక్కుని జడలో దోపుకుంది.

"కూర్చోండి, టీ తాగండి," అంది. "సంతకం మాత్రం పెట్టం."

"మణీ," అన్నాడు జయకుమార్.

"మీ ఓకే మీరు చెప్పేశారు. ఇప్పుడు నా వంతు."

కీరన్ టీ తాగలేదు.

బుధవారం ముగ్గురూ ఉచిత కేంద్రానికి వెళ్లారు. అక్కడి ఆవిడ ముసలాయన చెప్పిందే మళ్లీ చెప్పి, ఓనర్‌కి ఒక ఉత్తరం రాసి పెట్టింది. పది రోజుల్లో కీరన్ దారికొచ్చాడు. పద్ధతి ప్రకారం నోటీసిచ్చాడు. గడువు సెప్టెంబరు దాకా. పిల్ల పరీక్షలు ఇంట్లోనే.

కట్టిన అట్టపెట్టెలు విప్పారు. ముందు కుక్కర్ బయటికొచ్చింది.

"శాలువా కప్పేశాం కదయ్యా," అన్నాడు కృపారావు. "ఇప్పుడు వెళ్లకపోతే ఎలా?"

"సెప్టెంబర్లో ఇంకోటి కప్పండి అంకుల్. ఇది చలికి సరిపోవట్లేదు," అన్నాడు జయకుమార్.

కృపారావే ముందు నవ్వాడు. తర్వాత జయకుమార్‌ని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "ఆ ఉచిత కేంద్రం ఎక్కడ? మా ఓనర్ ఏడాదిగా హీటర్ బాగుచెయ్యట్లేదు."

ఆదివారం మళ్లీ బిర్యానీ వండారు. ఈసారి కృతజ్ఞత కూడిక. ముసలాయన కోసం ముందు వరసలో కుర్చీ వేశారు. కూడిక అయిపోయినా ఆయన రాలేదు.

దేవమణి డబ్బా నిండా కట్టి, హాలు చూసుకునే మౌరీన్‌ని పట్టుకుంది.

"ఆ రోజు వచ్చిన అరిగిన కోటు తాతగారు ఎక్కడుంటారు? ఇచ్చొస్తాం."

"ఆయన పేరు ఏమన్. ఇప్పుడిక్కడ లేడు. మంగళవారం గాల్వే రైలెక్కి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఉన్న ఒక్క ఇల్లూ కొడుక్కి రాసిచ్చాడు. ఆ ఇంటి విషయంలోనే తండ్రీకొడుకులకి మాటల్లేవిప్పుడు."

"అయ్యో. ఏ ఇల్లండీ?"

మౌరీన్ డబ్బా వైపు చూసి, దేవమణి వైపు చూసింది.

"మీరుంటున్నదే."