కిటికీ పక్క మంచం

మాచర్ల బస్టాండులో బెంగళూరు బస్సు ఇంజను స్టార్టయింది. ధరణి మాట్లాడుతున్న ఫోనును తల్లి ఫిలోమినా లాక్కుని స్పీకరు పెట్టింది.

అవతల భార్గవి. ఎడ్లపాడు పిల్ల, కాలేజీలో ధరణికి సీనియర్, ఇప్పుడు బెంగళూరులో ఒక స్టార్టప్‌లో ఉద్యోగం. "ఇక్కడ కోడ్ బాగా రాస్తే చాలు, ఎవరమ్మాయివని అడిగేవాళ్ళుండరు" అని పిలిచిందీ, తమ గదిలో కిటికీ పక్క మంచం అట్టిపెట్టిందీ ఆమే.

"అమ్మాయ్, మా నిస్సీ పనిలో పడితే అన్నం కూడా మర్చిపోద్ది. కాస్త చూసుకో తల్లీ. ఆదివారం మాత్రం చర్చికి పంపు."

"నిస్సీ ఎవరాంటీ?"

"మా ధరణే! సర్టిఫికెట్లలో ధరణి. పాస్టరుగారు ప్రార్థన చేసి పెట్టిన పేరు నిస్సీ."



"ఫోన్ ధరణికివ్వండాంటీ."

ధరణి స్పీకరు ఆపి చెవికి పెట్టుకుంది.

"ముందే చెప్పాలి గదే," అంది భార్గవి. "నాకేం పట్టింపు లేదు. రూములో మిగతావాళ్ళు ఒప్పుకోరు. ఏదన్నా హాస్టల్ చూసుకో."

"బస్సెక్కబోతున్నా అక్కా. సోమవారం జాయినింగు."

ఫోన్ కట్టయింది.

ఆ పేరెందుకు చెప్పావని అమ్మ మీద అరవబోయి ధరణి ఆగిపోయింది. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఆ పేరు తనూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది.

"ఏమందే?"

"బస్సు దిగే చోటికి వస్తానందమ్మా."

ఫిలోమినా కళ్ళు తుడుచుకుంది.

"చానా మంచి పిల్ల. ఈ ఆదివారం ప్రార్థనలో ఆ పిల్ల పేరు కూడా చెప్పిస్తానే."