బ్రాకెట్లు మూసేలోగా

"అయిందా, లేదా?"

మేనేజరు గుమ్మంలోంచే అడిగాడు.

"అయింది సార్," అంది ఇంజినీరు. ప్రొజెక్టరు తీగ బిగించబోతే రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి ఎదుటి గోడ మీద నల్లటి తెర పరుచుకుంది. పైమూలన తెల్లటి కర్సరు మినుకుమంటోంది.

పొద్దుటి నుంచి ఆమె ఆ కంప్యూటరు ముందే కూర్చుంది. ముందు లిస్ప్ అనే ప్రోగ్రామింగు భాష ఎక్కించాలి. దాని మీద, నిపుణుల బుద్ధిని యంత్రానికి నేర్పే టూల్‌కిట్‌ను నిలబెట్టాలి. ఆ పైన సూత్రాలు. 'ఇలా ఉంటే ఇది జరుగుతుంది' అని అనుభవజ్ఞుడు చెప్పినవన్నీ అందులో పెడితే, అది డాక్టరులా ఒక్కో ప్రశ్నే అడిగి రోగం తేలుస్తుంది. ఎందుకని అడిగితే కారణమూ చెబుతుంది. ఇక్కడ రోగి ఈ కాగితం మిల్లు బాయిలరు. అనుభవజ్ఞుడు దాన్ని ముప్పై ఏళ్లుగా నడుపుతున్న ఆమె మేనమామ. మూడు నెలలుగా ఆయన చెబుతుంటే రాసుకున్న సూత్రాలతో రెండు నోటుపుస్తకాలు నిండాయి. "ఇన్ని బ్రాకెట్లా! మా బాయిలరుకే ఇన్ని బోల్టులు లేవమ్మాయ్" అని లిస్ప్‌ను చూసి ఆయన పకపకా నవ్వాడొకసారి.

ఈ ఉదయం ఆయన నవ్వలేదు. "దీని గొంతు మారింది సార్. లోపలెక్కడో గొట్టం చీలుతోంది. ఆపేద్దాం" అన్నాడు.

"పోయిన నెలా ఇదే పాట పాడావు. ఆపి చూస్తే ఏముంది? మసి!" అని మేనేజరు విసుక్కున్నాడు. "మీటర్లన్నీ హద్దులోనే ఉన్నాయిగా. నీ చెవికేమన్నా సర్టిఫికెట్ ఉందా? ఆ కంప్యూటర్ని చెప్పమను, అప్పుడు ఆపుతా."

ఇంధనం ఆపే తాళంచెవి పోయిన నెల నుంచీ మేనేజరు జేబులోనే ఉంటోంది. మంట మండుతుండగా బాయిలరును వదిలి రావడం ఆ వృత్తిలో లేదు. అందుకే మామయ్యా, మరో నలుగురూ ఇంకా దాని పక్కనే ఉన్నారు.

మేనేజరు ఆమెకు వీపు పెట్టి, గోడకెదురుగా నిలబడి, బాయిలరు గదికి ఫోను కలిపి స్పీకరు నొక్కాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా పడ్డాయి.

'లోపలికి పోయే నీరు, బయటికొచ్చే ఆవిరి కంటే ఎక్కువగా ఉందా?'

"ఏం పెద్దాయనా, ఎక్కువగా ఉందా?"

"ఉంది సార్. గంట నుంచీ పెరుగుతూనే ఉంది."

ఆమె వేళ్లు మీటల మీద టకటకలాడాయి.

"ఉంది అనడానికి అంత టైపింగెందుకు?" తల తిప్పకుండానే అడిగాడు మేనేజరు.

"లిస్ప్ కదా సార్. బ్రాకెట్లన్నీ మూయాలి."

'కొలిమిలో ఒత్తిడి నిలకడగా ఉందా?'

"నిలకడా?" ఫోనులో మామయ్య దగ్గాడు. "ముల్లు నాకంటే ఎక్కువ వణుకుతోంది సార్."

'శబ్దం మారిందా?'

"దీనికీ చెవుల పిచ్చేనా!" మేనేజరు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "పెద్దాయనా, శబ్దం..."

"పొద్దున చెప్పాగా సార్. ఇప్పుడు మీకే వినిపిస్తుంది, వినండి."

ఆయన ఫోనును బాయిలరు వైపు తిప్పినట్టున్నాడు. పళ్ల సందుల్లోంచి గాలి పీల్చినట్టు, సన్నగా, తెగకుండా ఒక ఈల వినిపించింది. ఆమె చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

'గొట్టం పగలబోతోంది. నమ్మకం నూటికి తొంభై రెండు. మంట ఆర్పి మనుషులను బయటికి పంపండి.'

మేనేజరు గడ్డం రుద్దుకున్నాడు. "ఎందుకో అడుగు."

"సార్, టైము..."

"అడగమన్నానా!"

కర్సరు మినుకుమంది. ఒకటి, రెండు, మూడు.

"ఏం చేస్తోందది?"

"ఆలోచిస్తోంది సార్."

'కారణం: ఎక్కువైన నీరు బయటికి రాలేదు, అంటే లోపలే కారుతోంది. కారిన నీరు మంటలో పడి ఆవిరవుతోంది. అందుకే ఒత్తిడి ఊగుతోంది. ఏ మీటరూ హద్దు దాటలేదు. అన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది.'

మేనేజరు చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. జేబు తడుముకుంటూ మెట్ల మీదుగా పరిగెత్తాడు.

పన్నెండు నిమిషాల తర్వాత నేల అదిరింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. బాయిలరు గది తలుపుల్లోంచి తెల్లటి ఆవిరి ఎగదన్నింది. ఆమె కిటికీకి వేలాడి ఆవరణలోని మనుషులను లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గోడ చాటు నుంచి టోపీ దులుపుకుంటూ ఐదో మనిషి వచ్చాడు.

మేనేజరు తిరిగొచ్చేసరికి మొహం సున్నం కొట్టినట్టుంది. "అద్భుతమమ్మా! మనుషులకు పట్టనిది పట్టేసింది. మిగతా రెండు మిల్లుల్లోనూ ఇదే పెట్టించాలి, రిపోర్టు రాయి" అంటూ ఫోను చెవికి ఆనించుకుని వెళ్లిపోయాడు.

ఆ వెనకే మామయ్య వచ్చాడు. కనుబొమల మీద మసి. ఆమె తల నిమిరాడు.

"ముప్పై ఏళ్ల చాకిరీని నమ్మనోడు, దాని మాటకి పరిగెత్తుకొచ్చాడు చూడమ్మాయ్! పోనీలే, మా ప్రాణాలు నిలబెట్టింది. ఏదీ, ఆ టూల్‌కిట్ నాక్కూడా ఒకసారి చూపించు."

ఆమె తలుపు వైపు చూసింది. నడవా ఖాళీగా ఉంది.

"అది ఇంకా ఇన్‌స్టాలే కాలేదు మామయ్యా."