పచ్చ గుర్రం

అమ్మ నోటి నుంచి ‘బాగుంది’ అన్న మాట రాబట్టడం కంటే రాతి నుంచి నార తీయడం తేలిక. కూతురు శిల్పి కాబట్టి రాతితోనైనా ఎలాగో నెగ్గుకొస్తుంది. అమ్మతోనే ఆమె వల్ల కావడం లేదు.

“దీనికింకో రంగు వెయ్యకూడదూ?” గది గుమ్మంలోనే నిలబడి అడిగింది అమ్మ.

కూతురి చేతిలో బ్రష్ ఆగిపోయింది. ఎదురుగా నిలువెత్తు చెక్కగుర్రం, వార్నిష్ తడి ఇంకా ఆరలేదు. రేపే ప్రదర్శన.

“చేతులు బొబ్బలెక్కేలా చెక్కానమ్మా. నీకు కనిపించింది రంగొక్కటేనా?”

“గుర్రాలెక్కడైనా పచ్చగా ఉంటాయిటే?”

“నా చిన్నప్పటి బొమ్మగుర్రం పచ్చగానే ఉండేది. పెచ్చులూడిన చోట లోపలి ఎరుపు కనిపించేది. ఇదిగో, అదీ వేశాను, చూడు!”

అమ్మ చూడలేదు. కూతురు అగ్గిమీద గుగ్గిలమైంది.

“తమ్ముడు గోడమీద పిచ్చిగీతలు గీస్తే వీధంతటినీ పిలిచి చూపించావు. నేను చేస్తే మాత్రం పొద్దుట్నుంచీ నలుగురిలో పెట్టొద్దంటున్నావు!”

“వాడివి గోడమీదే ఉన్నాయి. నీది పేపర్లో పడింది.”

“పడితే నీ పరువు పోయిందా?”

“గొంతు తగ్గించు.”

“తగ్గించను! అప్పుడూ ఇంతే. ఆ గుర్రాన్ని ఏనాడైనా గడప దాటనిచ్చావా? తలుపు చప్పుడైతే చాలు, మంచం కిందికి తోసేదానివి. పిల్లలంతా వీధిలో ఆడుకుంటుంటే నేను దాన్నేసుకుని వంటింటి మూల కూర్చునేదాన్ని. ఆ కసితోనే ఇంత పెద్దది చేశాను, ఏ మంచం కిందా పట్టకుండా!”

అమ్మ చేతులు నలుపుకుంది. “నువ్వు వెళ్ళిరా. నేను రాను.”

“రాకపోతే ఇక నాతో మాట్లాడకు!” బ్రష్ నేలకేసి కొట్టింది కూతురు. “పరాయివాళ్ళకున్న పాటి ప్రేమ లేదు నీకు. పాతింటి పక్కావిడ కూతురు లేదూ? పేపర్లో ఫొటో చూసి ఫోన్ చేసింది. గుర్రాన్ని చూడగానే ఏడుపాగలేదట దానికి! వాళ్ళమ్మనీ వెంటబెట్టుకొస్తోంది.”

అమ్మ దొరికిన స్టూలు మీద కూలబడింది.

“వాళ్ళమ్మ కూడానా?”

“అవును. కాటికి కాళ్ళు చాచిన ఆవిడే వస్తుంటే, కన్నతల్లివి నీకేం రోగం?”

అమ్మ వంగి, కింద పడ్డ బ్రష్ తీసింది. దాన్ని డబ్బా మీద అడ్డంగా పెట్టి, అప్పటికి తలెత్తి గుర్రం వైపు తిన్నగా చూసింది.

“తప్పు నాదేనే, అది ఆ పిల్ల గుర్రం.”