కొట్టని బడి

"ఈ చెయ్యి చూసి చెప్పండి సార్. ఎవురు కొట్నారు నా బిడ్డని?"

చందన తన కూతురు లహరి కుడిచేతిని హెడ్మాస్టర్ కరీముల్లా బల్ల మీద పరిచింది. లేత అరచేతిలో, వేళ్ల మొదళ్ల దగ్గర, వరసగా బొబ్బలు. ఒకటి చితికి పచ్చిగా ఉంది.

కరీముల్లా కళ్లజోడు సర్దుకుని చెయ్యి చూశాడు. తర్వాత గోడ చూశాడు. 'ఈ పాఠశాలలో పిల్లలను కొట్టరు' అన్న బోర్డు ఈమధ్యే రంగు వేయించుకుని మెరుస్తోంది. ప్రొద్దుటూరులో అన్ని బడులుండగా చందన రాజుపాలెం నుంచి రోజూ ఆటోలో కూతురిని ఇక్కడికే పంపుతున్నది ఆ బోర్డును నమ్మే.

"మా బడిలో ఆ అలవాటు లేదమ్మా. నాలుగో తరగతి ఓబులేసు సారుది. పిలిపిస్తా, నువ్వే అడుగు."

ఓబులేసు వచ్చాడు. చెయ్యి చూశాడు. అయ్యో అనలేదు, ఏమైందనీ అడగలేదు. చందనకు అక్కడే అనుమానం గట్టిపడింది.

"సర్కారు వద్దన్నకాణ్నుంచి నేను ఏ బిడ్డ మీదా చెయ్యి ఎత్తలేదమ్మా," అన్నాడు. "లహరి మా క్లాసు లీడరు. ఎక్కాలు గడగడా అప్పజెప్తాది. ఈ పాపను కొట్టే పని నాకేముంది?"

"మరి ఈ బొబ్బలేంది?"

"బెత్తం దెబ్బకు వాత తేలుతాది గానీ బొబ్బ లేస్తాదా? ఇంటికాడ ఏమన్నా పని చేయించినారేమో."

"దెబ్బల సంగతి నీకు శానా బాగా తెలుసే." అప్పటిదాకా ఉన్న మర్యాద చందన నోట్లోంచి జారిపోయింది. "నా బిడ్డతో చెంబుడు నీళ్లు మోయించను నేను. నిన్న అన్నం కలుపుకోలేక చెంచాతో తినింది. ఎంత అడిగినా నోరు విప్పదు."

"కొట్టకుంటే చదువెట్లొస్తాదని కొందరు తల్లిదండ్రులు మా మీదికొస్తారు. కొట్నారని కొందరొస్తారు," అన్నాడు కరీముల్లా. "మధ్యలో మేం ఏం చేయాల?"

"నేనడిగిందానికి అది జవాబు కాదు సార్."

లహరి తలెత్తి ఓబులేసు ముఖంలోకి చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. పిల్ల మళ్లీ తల దించుకుంది.

"సారు కొట్లేదు మా."

ఆ చూపు చందన కనిపెట్టింది. పిల్లతో ఇలా అనిపించేవాడు ఎంత గట్టివాడై ఉండాలి.

"లీడర్ని చేసినప్పట్నుంచి చూస్తాండా," అంది ఓబులేసుతో. "బిడ్డ నవ్వడం మానేసింది. ఆటోలో దీని పక్కన ఎవురూ కూచోరంట. నువ్వు దీని మీద పగబట్టినావని తెలిసే పిల్లోళ్లు దూరం జరుగుతాండారు. నీ క్లాసుకే పోయి అడుగుతా."

"వద్దు మా." లహరి తల్లి కొంగు పట్టుకుంది. "ఇంటికి పోదాం పా."

పిల్ల కొంగు వదలడం లేదు. ఇంత భయం పెట్టినవాణ్ని వదిలిపెడితే తను తల్లే కాదనుకుంది చందన. లహరిని కుర్చీలో కూర్చోబెట్టి, "కదలొద్దు" అని చెప్పి, విసవిసా బయటికి నడిచింది.

ఓబులేసు వెనకే వచ్చాడు. "పిల్లోళ్లు బెదురుకుంటారు. కొంచెం ఆగమ్మా," అంటూ ఆమెను దాటి ముందుగా గదిలోకి పోవాలని చూశాడు. చందన పోనివ్వలేదు.

ఆమె గడప దాటగానే తరగతి గప్‌చుప్ అయిపోయింది. ఆమె బల్ల కింద చూసింది, తలుపు వెనక చూసింది. బీరువా సందులో దొరికింది, వేప బెత్తం. పట్టుకునే చోట గుడ్డ చుట్టి ఉంది.

"ఇదేంది?"

"అది ఎప్పటిదో పాతదమ్మా."

"పాతదైతే దుమ్మేదీ?"

ఓబులేసు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. చందనకు లోపల ఒక్కసారిగా బలం వచ్చింది. దొంగ దొరికాడు. ఇంక ఒక్క సాక్ష్యం చాలు, ఈయన మళ్లీ ఏ పిల్లనూ ముట్టుకోకుండా చేయడానికి.

ముందు బెంచీలో నౌషీన్ అనే పాప కూర్చుని ఉంది. చందన ఆ పిల్ల చెయ్యి విప్పి చూసింది. అరచేతికి అడ్డంగా ఎర్రటి వాతలు. పక్క పిల్లవాడి చెయ్యి చూసింది. అక్కడా వాతలే. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎవురు కొట్నారు తల్లీ? నేనుండా, భయపడొద్దు. సారే గదా?"

"సారు కొట్టరు ఆంటీ," అంది నౌషీన్.

"మీరు చెప్పండ్రా."

"సారు కొట్టరు ఆంటీ," అంది తరగతి మొత్తం.

ఆ గొంతుల్లో తడబాటు లేదు. భయపడి దాస్తున్నట్టు లేదు, నేర్పిన మాట అప్పజెప్పినట్టూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పినట్టే ఉంది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి చందన గుండె జంకింది.

"మరి ఎవురు?"

నౌషీన్ చూపు తలుపు మీదికి పోయింది. చందన వెనక్కి తిరిగింది.

గడపలో లహరి నిలబడి ఉంది. పరుగెత్తి వచ్చిందేమో, రొప్పుతోంది. తల్లి చేతిలో ఏముందో చూసి ముఖం పాలిపోయింది. ఒక్క అంగలో వచ్చి దాన్ని లాక్కుంది.

"ఇట్లియ్యి మా. నీకు దండం పెడ్తా, పోదాం పా."

బెత్తం లహరి చేతిలోకి రావడం చూసి, పిల్లలంతా అలవాటు చొప్పున లేచి నిలబడి అరచేతులు చాపారు.