పుబ్బలో పెట్టిన పాదులు

"ఇప్పుడు గింజ పెట్టకు బాబూ. ఉత్తర కార్తె దాటనీ."

అబ్బులు పార ఆపి తలెత్తాడు.

లంక అంచున, ఇసుకలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. బక్క మనిషి. పంచె మోకాళ్ల పైకి కట్టి, భుజాన తుండుగుడ్డ వేసుకున్నాడు.

అబ్బులుది తుని పక్క మెట్ట ఊరు. బోరు ఎండిపోయాక భార్య చిన్నమ్మాయినీ, నాలుగేళ్ల కూతురినీ వెంటబెట్టుకుని రావులపాలెం వైపు వచ్చేశాడు. గోదారి మధ్యన ఈ లంకలో అర ఎకరం కౌలుకి దొరికింది. పాక కూడా అక్కడే వేశాడు.

"ఎందుకు పెట్టకూడదండి?"

"రెల్లు ఇంకా పూయలేదు. అది పూస్తేగానీ వరద పోయినట్టు కాదు."

"మా ఊళ్లో పుబ్బలోనే పాదులు పెడతారు. పంతులుగారు రోజు కూడా చూసి చెప్పారు. చవితి వెళ్లిన మూడోనాడు."

"మీ ఊళ్లో గోదారి లేదు కదా బాబూ."

అబ్బులు మళ్లీ పార అందుకున్నాడు. ముసలాయన రేవు వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి చిన్నమ్మాయి దగ్గర ఆగాడు.

"అమ్మా, గింజలు పెడితే పెట్టుకోండి. పాకలో మాత్రం ఉండకండి. పిల్లని తీసుకుని ఒడ్డుకి వచ్చెయ్యండి."

ఆమెకి భయం వేసింది. అన్నం పెడుతూ మొగుడితో అంది.

"ఏవండీ, ఇంకో పదిహేను రోజులు ఆగుదామా?"

"ఆగితే దీపావళికి కాపు అందదు. తర్వాత అందరి కాయలూ ఒక్కసారే దిగుతాయి. మనవి ఎవరు కొంటారు?"

పక్క చెక్క నేల కౌలుకి చేస్తున్న పెద్దిరాజుకీ అదే అనుమానం. అతనూ ఈ లంకకి కొత్తే.

"ఏంటి అబ్బులూ, ఆ పెద్దాయన వద్దంటున్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

"రోజు మంచిది. నేను చూసుకున్నాను కదా. ధైర్యంగా పెట్టు."

పెద్దిరాజు తలూపాడు. కాపలాకి ఉంటుందని అతనూ భార్యా అక్కడే చిన్న పాక వేసుకున్నారు.

ఆ రోజు రానే వచ్చింది. పారకి పసుపు రాసి, తూర్పు వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. బీర, ఆనప, దోస. తొలి గింజ పిల్ల చేత పెట్టించారు.

ముసలాయన ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. వంగి, ఆ పాదు వేళ్లతో కెలికి, గింజ పైకి తీశాడు.

అబ్బులు అతన్ని ఒక్క తోపు తోశాడు. ముసలాయన ఇసుకలో పడ్డాడు.

"ఎవరు పంపించారు నిన్ను? ఈ చెక్క దక్కలేదని ఏడ్చేవాళ్లేనా?"

"ఎవరూ పంపలేదు."

మెల్లగా లేచి, గింజని తుండుతో తుడిచి, పిల్ల చేతిలో పెట్టాడు. తర్వాత మళ్లీ రాలేదు.

మొలకలు బాగా వచ్చాయి. ఎనిమిదో రోజుకి ఒక్కో దానికి రెండేసి ఆకులు. చిన్నమ్మాయి కూడా ముసలాయన సంగతి మర్చిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున నీళ్లు కాస్త పెరిగాయి. ఈ నెలలో రెండుసార్లు అలాగే పెరిగి తగ్గాయి కదా అనుకుని, అబ్బులు పందిరి కర్రల కోసం రావులపాలెం వెళ్లాడు. కర్రల బేరం తెమిలేసరికి మధ్యాహ్నమైంది.

తిరిగి వచ్చేసరికి ఏటిగట్టు మీద జనం. రేవు మెట్లు లేవు. పడవలు లాగి కట్టేశారు. దూరంగా ఎర్రటి నీళ్లలో పాకల కప్పులు రెండు కనిపిస్తున్నాయి.

నీళ్లలోకి దిగబోయిన అబ్బులుని పడవ నడిపే ఏసురాజు పట్టుకుని ఆపాడు.

"మీవాళ్లు వచ్చేశారండి. అటు చూడండి."

చిన్నమ్మాయి గట్టు మీద తడిసిన చీరతో, పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ పెద్దాయన తీసుకొచ్చాడండి. ఎవరూ రామంటే ఒక్కడే పడవ వేసుకుని వచ్చాడు" అంది చిన్నమ్మాయి.

"ఏడీ?"

"పడవలో అందరం పట్టలేదు. పెద్దిరాజు వాళ్ల కోసం మళ్లీ వెళ్లాడు."

పొద్దు వాలేదాకా చూశారు. కప్పులు రెండూ మునిగిపోయాయి. పడవ రాలేదు.

మూడో రోజున పెద్దిరాజూ అతని భార్యా దిగువన ఎక్కడో ముళ్లకంపలో శవాలై దొరికారు. ముసలాయన దొరకలేదు.

పెద్దిరాజు తమ్ముడు వచ్చాడు.

"మా అన్నయ్యకి అంత తొందరేంటండి? అంత ముందుగా పెట్టమని ఎవరు చెప్పారు?"



నీళ్లు తీశాక అబ్బులు రేవుకి వెళ్లాడు. ఏసురాజు పడవకి తారు పూస్తున్నాడు.

"ఆయన ఎవరండి?"

"యెహెజ్కేలు అని, మా పాత లంక మనిషి. ఆ లంక ఇప్పుడు లేదు లెండి, ఏట్లో కలిసిపోయింది. ఒకప్పుడు ఏ గింజ ఎప్పుడు పెట్టాలో ఆయన్ని అడక్కుండా మావాళ్లెవరూ పార పట్టేవారు కాదు."

"ఆ మాట నాకు ఒక్కరైనా చెప్పలేదేంటండి? తెలిస్తే వినేవాణ్ణి."

ఏసురాజు తారు కుంచె పక్కన పెట్టాడు.

"విన్నవాళ్లు ఎవరూ మిగల్లేదు బాబూ. పద్నాలుగు పాకలు, ఆయన పెళ్లాం పిల్లలతో సహా, ఒక్క వరదలో పోయాయి. ఆ ఏడాది కార్తె చూసి, ఇక వరద రాదు, గింజలు పెట్టుకోండని అందరికీ చెప్పింది ఆయనే."